ఆకాశరామన్న సంతకం

పి.గన్నవరం,
ఆదివారం రాత్రి

ఒరే బావా,

కవరు మీద నా చేతిరాత చూసి కంగారు పడుంటావు. ఎవరికీ ఏమీ కాలేదు. మా అమ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి, మీ చిన్నాన్నగారు ఎప్పటిలాగే పేకాడుతున్నారు. అయిదు రూపాయల కవరు కొని ఎన్నేళ్ళయిందో. పోస్టాఫీసులో అమ్మాయి "ఉద్యోగానికి అప్లికేషనాండీ?" అంది. ఈ వయసులో నాకు ఉద్యోగం ఎవరిస్తారమ్మా అన్నాను.

ఫోన్లో చెప్పి చావొచ్చుగా అంటావు. ఫోన్ ఎత్తామంటే మనిద్దరం ఎటకారంలోకి దిగిపోతాం, అసలు విషయం అక్కడే ఉండిపోతుంది. వాట్సాప్‌లో రాస్తే సగం చదివి బొటనవేలు బొమ్మ పెడతావు. అందుకని కాగితం. పైగా తీరిక దొరికింది. ధవళేశ్వరం దగ్గర పొద్దున్నే రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, 13.75 అడుగులు దాటింది. కనకాయలంక కాజ్‌వే మునిగి పడవలు వేశారు. కరెంటు గంటకోసారి మొహం చూపించి పోతోంది. కరెంటు లేని సెల్‌ఫోన్ కొట్టు తీసి ఏం చేయాలి, మధ్యాహ్నమే షట్టరు దించేశాను.

నీకు ఒకటి చెప్పాలి. నేరుగా చెప్పే ధైర్యం లేదు, కాస్త చుట్టు తిరిగి వస్తాను. ఓపిక పట్టు.

మొన్న బుధవారం ఒకావిడ వచ్చింది. మలికిపురం వైపు మనిషి, కువైట్‌లో ఇంటిపని, నాలుగేళ్ళకి సెలవు దొరికిందట. ఫోను బల్ల మీద పెట్టి, అటూ ఇటూ చూసి, "బాబూ, ఇందులో రెండు ఫేస్‌బుక్కులున్నాయి. ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పడకుండా చూడు" అంది. మొదటిదాంట్లో వాడపల్లి వెంకన్నబాబు, పిల్లాడి మార్కులు, అత్తగారి పుట్టినరోజు. రెండోదాంట్లో తనతో పాటు గదిలో ఉండే ఆడవాళ్ళతో శుక్రవారం సెలవునాడు సముద్రం ఒడ్డున దిగిన ఫొటోలు. జీన్సు ప్యాంటు, నల్ల కళ్ళద్దాలు, నోరంతా నవ్వు. నా మొహం చూసి తనే అంది: "తప్పేం చేయట్లేదు బాబూ, నవ్వుతున్నానంతే. నవ్వుతూ కనిపిస్తే ఇక్కడోళ్ళు, సుఖంగానే ఉందిగా, ఇంకో లక్ష పంపమంటారు."

ఇందులో నీతి ఏం తప్పింది, నువ్వు చెప్పు. ఆవిడ ఎవర్నీ మోసం చేయలేదు. తన నవ్వుకి ఒక తలుపు పెట్టుకుంది, అంతే. కాకపోతే ఆ తలుపుకి గడియ లేదు. రెండో ఖాతా కూడా అదే నంబరు మీద తెరిచింది, కాంటాక్టులన్నీ ఎప్పుడో పైకి ఎక్కిపోయున్నాయి. ఇంకో నెలాగితే "మీకు తెలిసినవారేమో" అంటూ ఆ కళ్ళద్దాలు ఆడపడుచు ఫోన్లో దర్శనమిచ్చేవి. వేరే మెయిల్ పెట్టి, నంబరు తీసేసి, కాంటాక్టులు చెరిపేసి, నలభై రూపాయలు తీసుకున్నాను. వెళ్తూ వెళ్తూ ఖర్జూరాల పొట్లం కూడా ఇచ్చింది.

అసలు మన ఊళ్ళలో రెండు పేర్లు లేనివాడెవడురా? ఇంట్లో ఒకటి, బళ్ళో ఒకటి. ఒకటో తరగతిలో మాస్టారు హాజరు పిలుస్తుంటే నీ పేరు నువ్వే గుర్తుపట్టక వారం రోజులు ఆబ్సెంటు వేయించుకున్నావు, మర్చిపోయావా? ఇంట్లో పేరు పెట్టి బళ్ళో ఎవడైనా పిలిస్తే కొట్లాటకెళ్ళేవాడివి కూడా. అది నీ రెండో ఖాతా.

ఫేస్‌బుక్ పెట్టిన జుకర్‌బర్గ్‌కి ఈ సంగతి తెలీదు. మనిషికి రెండు గుర్తింపులుంటే చిత్తశుద్ధి లేనట్టేనని 2010 ప్రాంతంలో పెద్ద మాట అన్నాడు. 2014లో అమెరికాలో ఆడవేషం కట్టి ఆడే కళాకారుల ఖాతాలు, అవి అసలు పేర్లు కావని ఆపేసి, గొడవయ్యాక అక్టోబరులో క్షమాపణ చెప్పారు. చివరికి 2023 సెప్టెంబరులో ఆ కంపెనీవాళ్ళే ఒక ఖాతా కింద ఇంకో నాలుగు ప్రొఫైళ్ళు పెట్టుకోండని తలుపులు తీశారు. ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే 2016 నుంచే ఒకే ఫోన్లో అయిదు ఖాతాలు మార్చుకోవచ్చు. గదికో నవ్వు దాచుకునే మనుషులుంటారని తెలిసిరావడానికి వాళ్ళకి పదమూడేళ్ళు పట్టింది. మన మీద జాలితో కాదులే, వ్యాపారం.

ఆడవేషం అంటే గుర్తొచ్చింది. మన చిన్నప్పుడు పగటివేషగాళ్ళు వచ్చేవారు, రోజుకో వేషం. సోమయాజులు, సోమిదేవమ్మ వచ్చిన రోజు మా నాయనమ్మ నిజంగా చాప వేసి కూర్చోబెట్టింది. శక్తివేషం వచ్చిన రోజు నువ్వు మా ధాన్యం గాదె వెనక దాక్కున్నావు. కానీ ఆఖరి రోజున వేషాలు తీసేసి, మామూలు పంచెల్లో, ఇంటింటికీ వచ్చి "మేమేనండీ" అని సంభావన పుచ్చుకునేవారు. ఆ ఆఖరి రోజుని ఈమధ్య తెగ తలుచుకుంటున్నాను. ఎందుకో చెప్తాను.

అన్నీ కువైట్ ఆవిడ కథలాంటివే వస్తే నాకు బాధ లేదు. ఆమధ్య ఒకడొచ్చాడు, పేరెందుకు. ఆడపిల్ల పేరుతో ఖాతా కావాలట, ఫొటో కూడా ఎక్కణ్ణుంచో దించి తెచ్చాడు. "సరదాకండీ" అన్నాడు. ఐటీ చట్టంలో 66డి అని ఒక సెక్షనుంది, ఇంకొకరిలా నటించి మోసం చేస్తే మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, అది కూడా సరదాగానే ఉంటుంది అన్నాను. మళ్ళీ రాలేదు. వాడు వేరే కొట్టుకి వెళ్ళుంటాడని నాకూ తెలుసు. 2019లో మొదటి మూడు నెలల్లోనే 219 కోట్ల దొంగ ఖాతాలు పీకేశామని ఫేస్‌బుక్‌వాళ్ళే చెప్పారు. అప్పటికి నెలనెలా వాడేవాళ్ళు 238 కోట్లు. ఊళ్ళో మనుషులు ఎంతమందో దయ్యాలు దాదాపు అంతమంది అన్నమాట.

నన్ను ఎక్కువ కుదిపింది మాత్రం ఒక పెద్దమనిషి ఫోను. కొబ్బరికాయల దళారీ. మనూళ్ళ రైతులు నూట ఎనభై మంది ఉన్న వాట్సాప్ గ్రూపొకటి నడుపుతాడు, రోజూ పొద్దున్నే అంబాజీపేట రేటు పడుతుంది అందులో. డిస్‌ప్లే పగిలితే తెచ్చి ఇచ్చాడు. కొత్తది వేసి, గమ్ము ఆరడానికి రబ్బరు బ్యాండ్లు చుట్టి, ఆన్ చేసి పెట్టాను. టపటపా మెసేజీలు. చూడకూడదు, నిజమే. రిపేరుకిచ్చిన ఫోను డాక్టరు దగ్గరకొచ్చిన ఒళ్ళులాంటిది. కానీ కళ్ళ ముందే పడితే ఏం చేస్తాం? ఒకే ఫోన్లో రెండు సిమ్ములు, రెండు వాట్సాపులు. 2023 నుంచి అదీ తేలికేగా. ఒక నంబరుతో "ఏవండీ, ఇవాళ అంబాజీపేటలో వెయ్యి కాయ ఎంతండీ?" అని అడిగాడు. రెండో నంబరుతో "బాగా పడిపోయిందండీ, ఇంకా పడేలా ఉందండీ, నేనైతే నిన్ననే తోలేశానండీ" అని జవాబు చెప్పాడు. ఇంట్లో ఇంకెన్ని నంబర్లు ఉన్నాయో దేవుడికి తెలియాలి.

మా మామగారు ఆ గ్రూపు చూసే ఆ ముందు వారం వెయ్యికి ఆరొందలు తక్కువకి కాయ తోలేశారు.

ఫోను ఇచ్చేటప్పుడు "బాబాయ్‌గారూ, రెండు నోళ్ళతో మాట్లాడితే దవడలు నొప్పెట్టవా?" అన్నాను. నవ్వేసి "వ్యాపారం అబ్బాయ్" అన్నాడు. మామగారితో ఆ గ్రూపు మానేయండి అని మాత్రం చెప్పాను, ఎందుకో చెప్పలేదు. చెప్పాలా వద్దా అన్నది ఇప్పటికీ తేలలేదు నాకు. నీకు తేలితే రాయి.

నువ్వు ఆ వికీపీడియాలో రాసే కొత్తలో నాకొకటి చెప్పావు. అక్కడ మారుపేరు పెట్టుకోవచ్చు, సరైన కారణముంటే రెండో ఖాతా కూడా ఉండొచ్చు, కానీ ఒకే చర్చలో రెండు ఖాతాలతోనూ దూరి, ఇద్దరు మనుషుల్లా మాట్లాడితే తప్పు అని. దానికి సాక్ పప్పెట్ అనో ఏదో అన్నావు, చేతికి తొడుక్కున్న మేజోడు బొమ్మ అని అర్థం చెప్పావు. 2015లో ఇంగ్లీషు వికీపీడియాలో ఒకే ముఠావని 381 ఖాతాలు ఆపేశారనీ, వాళ్ళు అక్కడి పెద్దల్లా నటించి, వ్యాసం తిరస్కరించిన వ్యాపారాల దగ్గర డబ్బు గుంజేవారనీ చెప్పావు. అప్పుడు నేను "మా దగ్గర అయితే దీన్ని పంచాయితీ అంటారు" అని జోకేశాను. నువ్వు నవ్వలేదు.

సరే, గట్టు దాకా వచ్చాం, దిగక తప్పదు.

ఫేస్‌బుక్‌లో "రేవు కబుర్లు" అని ఒక ఖాతా ఉంది. నీకు తెలుసు. నీకు చాలా బాగా తెలుసు. అది నేనేరా.

కూర్చున్నావా? కూర్చుని చదువు.

2020 లాక్‌డౌన్‌లో మొదలెట్టాను. మొదట్లో పాత పడవల ఫొటోలు, రేవులో మాటలు. తర్వాత రాత్రిపూట తిరిగే ఇసుక లారీలు, కోసుకుపోతున్న లంక భూములు, ఆరు నెలలకే లేచిపోయిన రోడ్డు. నా పేరుతో రాయలేను. కొట్టు పెట్టుకున్నవాడికి అభిప్రాయాలు ఉండకూడదు, ఉన్నా గల్లాపెట్టెలో పడేసి తాళం వేసుకోవాలి. నా దగ్గరకి అన్ని పార్టీలవాళ్ళూ అన్ని కులాలవాళ్ళూ రీచార్జీకి వస్తారు. 2022 మేలో అమలాపురం గొడవలప్పుడు నెట్ కూడా ఆపేశారు చూడు, అప్పుడు ఎవడు ఏ పోస్టుకి లైకు కొట్టాడో జనం వేళ్ళ మీద చెప్పుకున్నారు. నాకు భయం వేసింది. అందుకని మారుపేరు. పూర్వం ఆకాశరామన్న ఉత్తరాలు రాసేవారు, ఇదీ అంతే. ఇక్కడిదాకా నేను సిగ్గుపడను. లారీలు దొంగతనంగా తిరుగుతుంటే, చెప్పేవాడు చీకట్లో నిలబడి చెప్పినా ఫరవాలేదనే ఇప్పటికీ అనుకుంటాను.

తర్వాత జారాను. మొదట చిన్నగా. నా కొట్టు పోస్టుకి ఎవరూ లైకు కొట్టలేదని "రేవు కబుర్లు"తో నేనే కొట్టాను. ఇంకోరోజు పక్క వీధిలో కొత్త కొట్టు తెరిస్తే, "గన్నవరం సెంటర్లో పాత కొట్టాయన చేతివాటం ఉండదండీ, పని నమ్మకంగా ఉంటుందండీ" అని రాశాను. నా గురించి నేనే, అండీలు పెట్టి. 2022 నవంబరులో కేంద్రం ఈ రివ్యూలకి ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చింది, రాసినవాడు నిజమైన మనిషో కాదో చూసుకోవాలని. పేపర్లో చదివి, నేను నిజమైన మనిషినేగా అని నవ్వుకున్నాను. సిగ్గు లేదు అప్పటికి.

ఆ తర్వాత నువ్వొచ్చావు. లాంచీ రేవు ఫొటో కింద "మా నాన్న చెయ్యి పట్టుకుని ఈ మెట్లు దిగేవాణ్ణండీ" అని రాశావు. గుండె గుబుక్కుమంది. నేనేరా అని అక్కడే చెప్పేయాలి. చెప్పలేదు. నాలుగు రోజులు ఉడికించి తర్వాత చెబుదాం, భలే ఉంటుంది అనుకున్నాను. నువ్వు మెసేజీలు పెట్టడం మొదలెట్టావు. నాలుగు రోజులు నాలుగు నెలలయ్యాయి. నువ్వు నాకు ఎప్పుడూ చెప్పనివి ఆ రేవు కబుర్లకి చెప్పావు. హైదరాబాదులో ఉద్యోగం గురించి, చెల్లెమ్మతో గొడవ గురించి. వాటిలో ఒక్క ముక్క కూడా నా నోటి నుంచి బయటకి వెళ్ళలేదు, మా ఆవిడకి కూడా తెలీదు. ఆ మాట నువ్వు నమ్మడానికి నా దగ్గర సాక్ష్యమేమీ లేదనుకో.

జనవరిలో, కనుమ మర్నాడు. జగ్గన్నతోట తీర్థం నుంచి వచ్చి ఒళ్ళు నొప్పులతో కొట్లో కూర్చున్నాను. ఎవరిదో చార్జింగ్ పిన్ను అతుకుతూ, సోల్డరింగ్ ఐరన్ చేతిలో పట్టుకుని నీ మెసేజీ చదివాను. నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "మా ఊళ్ళో నాకో స్నేహితుడున్నాడండీ. ఏం చెప్పినా ఎకసెక్కమే. మా నాన్న పోయినప్పుడు ఏడుద్దామని వాడి దగ్గరికెళ్తే, నవ్వించి పంపాడండీ."

ఐరన్ బల్ల మీద పెట్టేశాను. బల్ల కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది, వస్తే చూపిస్తాను.

ఆ రోజు నాకూ గుర్తుందిరా. దినకార్యం అయ్యాక గట్టు మీద కూర్చున్నాం. మీ నాన్నగారు సైకిలు తొక్కుతూ కాలవలో పడ్డ కథ చెప్పాను. నువ్వు పడీపడీ నవ్వావు. నా జన్మలో నేను చేసిన మంచి పనుల్లో అదొకటని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను.

అప్పుడు నేనేం చేశానో తెలుసా? నోరు మూసుకున్నా బాగుండేది. రేవు కబుర్లు చేత జవాబు రాయించాను. "కొంతమంది అంతేనండీ, పైకి ఎకసెక్కం, లోపల ప్రాణం పెడతారండీ. మీ స్నేహితుడు మంచివాడే అయ్యుంటాడండీ." నా వకాల్తా నేనే పుచ్చుకున్నాను. నువ్వేమన్నావు? "మీరు చెప్పాక వాడి మీద కోపం తగ్గిందండీ" అన్నావు. ఉగాదికి నీ అంతట నువ్వే ఫోన్ చేశావు, ఎన్నాళ్ళ తర్వాతో. అరగంట మాట్లాడావు. మామిడికాయ ధర నుంచి మా అమ్మాయి ఇంటర్ మార్కుల దాకా అన్నీ అడిగావు. ఆ రోజంతా నేను ఎంత సంతోషంగా ఉన్నానో! రాత్రి పడుకున్నాక ఆ దళారీ గుర్తొచ్చాడు. ఒక నంబరుతో రేటడిగి, ఇంకో నంబరుతో చెప్పి, మామగారి కాయ తోలించుకున్నవాడు. వాడి ఆరొందలకీ నా అరగంటకీ తేడా ఏమిటా అని ఆలోచించాను. వాడు కనీసం వ్యాపారం అన్నాడు.

అందుకని ఆ తగ్గిన కోపం నీకు తిరిగిచ్చేస్తున్నాను. అది నీది. నా మీద ఎంత ఉంచుకోవాలో ఈసారి నాకు తెలిసే నువ్వు తేల్చుకో, మధ్యలో సర్దిచెప్పేవాడు ఎవడూ లేడు.

ఇక ఆ ఖాతా సంగతి. తీసేద్దామని రెండుసార్లు బటన్ దాకా వెళ్ళాను. కానీ నువ్వు రాసినవన్నీ అందులోనే ఉన్నాయి. నీకు చెప్పకుండా తీసేస్తే అది ఇంకో దొంగతనం. నా కొట్టు గురించి నేను రాసుకున్న పొగడ్తలు మాత్రం చెరిపేశాను, మొత్తం పదకొండు తేలాయి. నీ మెసేజీలు ఉంచాలో తీసేయాలో నువ్వు చెప్పు, నువ్వు చెప్పేదాకా తెరవను. ఇసుక లారీల సంగతి రాస్తూనే ఉంటాను, పేరు లేకుండానే. దాని మీద నువ్వు తిట్టినా మారను, అది వేరే లెక్క.

మీ నాన్నగారి సంవత్సరీకానికి ఎలాగూ వస్తావు. ఈసారి వరద తగ్గాక గట్టు మీద కూర్చుందాం. సైకిలు కథ ఎత్తను. నువ్వేం మాట్లాడితే అది వింటాను, మాట్లాడకపోతే నీళ్ళు చూస్తూ కూర్చుంటాను.

కరెంటు మళ్ళీ పోయింది, ఈ చివరి నాలుగు ముక్కలూ టార్చి వెలుగులో. రేపు పోస్టు బస్సు వస్తుందో రాదో, నీళ్ళు అక్విడక్టు దాకా ఎగదన్నుతున్నాయి. పులసలు పడుతున్నాయంటున్నారు గానీ ధర అడిగే ధైర్యం నాకు లేదు.

చెల్లెమ్మకి నమస్కారం చెప్పు. కాదులే, చెప్పకు, ముందు నువ్వు చదువు.

నీ బావ
(రేవు కబుర్లు కూడా నేనే)

తా.క.: మీ చిన్నాన్నగారి ఫోనుకి కొత్త బ్యాటరీ వేశాను. తొమ్మిదొందల యాభై, నీ ఖాతాలో రాశాను. ఏ ఖాతా అని అడక్కు.